పొన్నంచు కావలి

మొదటి దినం

ఈ పుస్తకాన్ని నెలకోసారి ఆఫీసుకి పంపాలి. వాళ్ళు కింద "చూడబడినది" అని ముద్ర కొట్టి తిప్పి పంపుతారు. ఎనిమిదో గుట్టలో నీటితొట్టికి కావలి ఉన్న మారెన్న ఏడాది పొడుగునా తన పుస్తకంలో కోళ్ళు ఎక్కడెక్కడ గుడ్లు పెట్టాయో రాశాడు. పన్నెండు ముద్రలూ పడ్డాయి. చదివే నాథుడు లేడని తేలింది కాబట్టి ఇందులో నిజం రాయబోతున్నాను. ఇంతటి సుఖం నాకెప్పుడూ దొరకలేదు.

పేరు గుర్రప్ప. వయసు నలభై ఏడు. చదువు ఆరో తరగతి, అదీ సగం. దుమ్ము ఎక్కువైందని బడి మూసేశారు, నేనేమీ ఏడవలేదు. ఉద్యోగం ఏడో గుట్ట ఉత్తరపు బండ మీద ఉన్న పసుపుపచ్చ మచ్చకి కావలి. ఆ మచ్చ అబద్ధం. పుట్టించింది నేనే.

రెండో దినం

నిన్న వేళ్ళు నొప్పెట్టి ఆపాను. మొదటినుంచీ చెప్తాను.

గాలిని కొలిచే యంత్రాలను జనం నమ్మడం మానేసి చాలాకాలమైంది. ఏ యంత్రం ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ళకి నచ్చిన అంకె చూపించేది. అందుకని ఇప్పుడు బండ చెప్పిందే చట్టం. బండ మీద ఏ లైకెన్ పట్టిందో చూసి ఆ గుట్ట గాలి మంచిదో చెడ్డదో తేలుస్తారు. లైకెన్ అంటే నాచూ బూజూ కలిసి కాపురం పెట్టిన ప్రాణి. అందులో పెంకు రకం ఉంది చూశారూ, అది రాతిని పట్టుకుందంటే రాయి పగలగొట్టి తీసుకుపోవాల్సిందే.

మచ్చలు పరీక్షించే అధికారి కీర్తన మేడమ్. రాజధానిలో గాజుకప్పు కింద పుట్టి పెరిగిన మనిషి. చేతిలో దారిపుస్తకం అని ఒకటి ఉంటుంది. అందులో ప్రతి ప్రశ్నా నిన్ను ఇంకో ప్రశ్నకి తోలుతుంది. రెండేళ్ళు ఆమె సంచీ మోసి నాకు కంఠతా వచ్చేసింది. ఒకటి, గోటితో గీకితే ఊడి వస్తుందా? వస్తే అది మురికి, పుస్తకం మూసెయ్. రాకపోతే రెండుకి పో. ఒళ్ళంతా ఎండిన చెరువులా బీటలు వారిందా? వారితే మూడుకి పో. పండ్లు చిన్న చిన్న పళ్ళేల్లా ఉండి చుట్టూ అంచు కట్టాయా? కడితే నాలుగుకి పో. పొటాష్ నీళ్ళ చుక్క వేస్తే నెత్తురు రంగుకి తిరిగిందా? తిరిగితే ఐదుకి పో. బీజాన్ని లెన్సు కింద పెట్టి చూడు. రెండు గదులూ మధ్యలో సన్నటి సందూ ఉంటే అది పొన్నంచు ప్రజాతి.

పొన్నంచు చెడ్డగాలిలో బతకదు. దానికి దాయాది ఒకటుంది, బూడిదపూత. అవే బీటలు, అవే పళ్ళేలు. రంగు బూడిద, పొటాష్ పోసినా ఉలకదు పలకదు, ఎంత చెడ్డగాలిలోనైనా బతుకుతుంది. మా గుట్ట నిండా అదే, మాలాగే.

నాకు బుద్ధి పుట్టింది. మా అక్క ఓబులమ్మ పాత తొట్టిలో పసుపు పెంచుతుంది. ఒక కొమ్ము లేపేసి, అరగదీసి, బండ మీద అరచేయంత బూడిదపూతకి రుద్దాను. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని మా గుట్టలో ఏ ఆడమనిషినడిగినా చెప్తుంది. పొటాష్‌కీ సున్నానికీ ఆ విషయంలో తేడా లేదు. కానీ గాజుకప్పు కింద పసుపు మాత్రల్లో వస్తుంది. మేడమ్‌కి తెలియదు. ఊపిరి తగులుతుందని మచ్చకి పదడుగుల దాకా జనాన్ని రానివ్వరు కాబట్టి తెలిసినవాళ్ళు దూరంగా ఉన్నారు.

నా పథకం ఇదీ. ఆమె చుక్క వేస్తుంది, అది ఎర్రబడుతుంది, ఆమె ఎగిరి గంతేస్తుంది. అప్పుడు నేను "ఇంకాస్త కలపండి మేడమ్, పెళ్ళికూతురి కాళ్ళకి పూద్దాం" అంటాను. గుట్టంతా పడీపడీ నవ్వుతుంది.

ఆమె ఒక మూల గీకింది, పెంకు ఊడలేదు, గోటికంటిన పచ్చ చూసుకోలేదు, చుక్క వేస్తే ఎర్రబడింది. కానీ ఆమె గంతెయ్యలేదు. మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది. "ముప్పై నాలుగు గుట్టలు తిరిగాను గుర్రప్పా. బతికిన గుట్ట ఇదే మొదటిది" అంది. లెన్సు బయటికి తీసింది, అటూ ఇటూ తిప్పింది, మళ్ళీ సంచీలో పెట్టేసి రాసుకుంది. దూరంగా గుట్టపెద్ద సుంకన్న టోపీ గాల్లోకి ఎగరేశాడు. నవ్వాల్సిన ఘడియ నా కళ్ళముందే దాటిపోయింది. ఆ తర్వాత చెబితే అది వేళాకోళం కాదు, నేరం. దొంగమచ్చ పెట్టినవాణ్ణి గాలికంచె బయటికి తోస్తారు. కంచె బయట దుమ్ములో మనిషి ఎన్నాళ్ళుంటాడో ఎవరూ తిరిగొచ్చి చెప్పలేదు.

నోరు మూసుకున్నాను. పుట్టాక అదే మొదటిసారి. మచ్చ చూపించినవాణ్ణని మెచ్చుకుని కావలి ఉద్యోగం ఇచ్చారు.

తొమ్మిదో దినం

ఇవాళ బండ్లు వచ్చి ఇంటింటి గాలిడబ్బాలూ పట్టుకుపోయాయి. బతికిన గుట్టకి గాలి వడకట్టే డబ్బా ఎందుకు? ఇంకో చచ్చిన గుట్టకి పనికొస్తుందట. ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాలి. తట్టలేదు. ఆరో తరగతి సగంలో అది చెప్పలేదు.

సుంకన్న రచ్చబండెక్కి, "ఈ పొద్దునుంచి మనం ముక్కుతో గాలి పీల్చే మనుషులం రా!" అని అరిచాడు. ఇన్నాళ్ళూ చెవులతో పీల్చామా అని అడిగాను. జనం నవ్వారు. నాకే నవ్వు రాలేదు.

అక్క ఇరవయ్యేళ్ళు రాళ్ళమిల్లులో పనిచేసింది. ఆమె ఊపిరితిత్తుల్లో ఉన్న రాయితో ఒక గూడు కట్టొచ్చు. డబ్బా పక్కన పడుకుంటేనే ఆమెకి నిద్ర.

"పోతే పోనీలేరా," అంది అక్క. "దాని రొద వింటాంటే మీ బావ గురక మాదిరి ఉండె."

"బావ చచ్చి పదేళ్ళాయె గదక్కా."

"అందుకే డబ్బా పెట్టుకుంటి."

నలభయ్యో దినం

పసుపు ఎండకి పాలిపోతుంది. అందుకని రోజూ తెల్లారగానే, పరీక్షించే నెపంతో వంగి, వేలితో మళ్ళీ పూస్తున్నాను. మేడమ్ పోయేముందు సన్నటి పారదర్శక కాగితం బండ మీద పరిచి మచ్చ అంచు గీసుకుపోయింది. ఏడాదికి మళ్ళీ పరుస్తుంది. బతికిన మచ్చ అయితే ఆ గీతని వెంట్రుకలో సగం దాటాలి. పొన్నంచు అంతే పెరుగుతుంది. మా సుంకన్న బుర్రతో పోలిస్తే అది పరుగే.

తొంభై రెండో దినం

అక్కకి దగ్గు ముదిరింది. మాట మొదలుపెడితే మధ్యలో దగ్గు వచ్చి తన మాట చెప్పిపోతోంది. ఎనిమిదో గుట్ట ఇంకా చచ్చిన గుట్టే, అక్కడ డబ్బాలున్నాయి. మారెన్నని అడిగాను. ఒక గది ఇస్తానన్నాడు.

"నేను యాడికీ రానబ్బా," అంది అక్క. "కోళ్ళనెవరు సూస్తారు?"

"నేను సూస్తాలే."

"నువ్వు సూస్తే అవి గుడ్డు పెట్టకముందే పెట్టినామని కూస్తాయి."

"నీ మంచికే సెప్తాండా గదక్కా."

"నా మంచి నాకు తెలుసు. పప్పు తిను."

మొండిది. చిన్నప్పటినుంచీ అంతే. నేను విసుక్కుని లేచిపోయాను.

నూట ఎనభయ్యో దినం

అర్ధసంవత్సరం తనిఖీకి మేడమ్ ఒక్కతే వచ్చింది. ఆగలేకపోయాను.

"మేడమ్, ఒక మాట. ఆ మచ్చ..."

"పసుపు," అంది ఆమె.

నేను గోళ్ళు వెనక దాచుకున్నాను.

"నీ మొదటి పేజీలు చదివాను గుర్రప్పా. నేను పుస్తకాలు చదువుతాను. మారెన్న కోళ్ళ సంగతి కూడా చదివాను."

"మరి ఊరకే ముద్ర కొట్టారేం మేడమ్?"

ఆమె సంచీలోంచి లెన్సు తీసి చూపించింది. నిలువునా పగిలి ఉంది. "ఆ రోజుకే పగిలిపోయింది. ఐదో మెట్టు నేను చూడలేదు. చూశానని రాశాను. నువ్వు రంగు పూశావు, నేను సంతకం పూశాను."

"మా అక్క దగ్గి దగ్గి చచ్చేటట్టుంది మేడమ్. ఒక్క డబ్బా ఇప్పించండి."

"బతికిన గుట్టకి డబ్బా ఇవ్వాలంటే ముందు అది చచ్చిందని రాయాలి. ఇప్పుడు రాస్తే ఎందుకని అడుగుతారు. నువ్వు కంచె బయటికి పోతావు, నేను నీ పక్కన నడుస్తాను." లెన్సు సంచీలో పెట్టేసింది. "ఒక దారి ఉంది. పూయడం మానెయ్. ఏడాది కొలత నాటికి పాలిపోతుంది. మచ్చ చచ్చిపోయిందని రాస్తాను. లైకెన్లు చస్తుంటాయి. డబ్బాలు తిరిగొస్తాయి, ఎవరి పేరూ బయటికి రాదు. ఈ పుస్తకం మాత్రం ఇక ఆఫీసుకి పంపకు, నీ దగ్గరే ఉంచు."

సరేనన్నాను. అక్కకి చెప్పలేదు. అక్క ముందు ఆ మచ్చ నిజమన్నట్టే ఉన్నాను కదా. ఆమె కళ్ళల్లో దొంగని కావడం నాకిష్టం లేకపోయింది. ఊరందరి కళ్ళల్లో అయినా ఫర్వాలేదు.

రెండు వందల ఇరవయ్యో దినం

మానేసి నలభై రోజులు. మచ్చ పాలిపోలేదు. ఇంకా పచ్చగా ఉంది.

సున్నం చుక్క వేసి చూశాను. ఎర్రబడింది. దాంతో తేలేదేముంది? పసుపైనా ఎర్రబడుతుంది, పొన్నంచైనా ఎర్రబడుతుంది. గోటితో గీకి చూస్తే తెలుస్తుంది. చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాను.

ఎందుకో రాస్తాను, సిగ్గుగానే ఉంది. నా అబద్ధం కింద నిజం మొలిచిందేమోననిపించింది. ఆ పసుపు తిని నిజం పొన్నంచు పట్టిందేమో. అలాగైతే గాలి మంచిదే. మంచిగాలిలో అక్క దగ్గు తగ్గుతుంది. నలభై ఏడేళ్ళు జనాన్ని బోల్తా కొట్టించినవాణ్ణి, బండ ముందు కూర్చుని నన్ను నేనే బోల్తా కొట్టించుకున్నాను.

ఇవాళ పప్పు సున్నపునీళ్ళంత తెల్లగా ఉంది.

"ఏమక్కా, పప్పుకి జబ్బు చేసిందా?"

"పసుపు అయిపాయెరా. తొట్టికి పురుగు పట్టె."

రెండు వందల తొంభయ్యో దినం

అక్క గోడ పట్టుకుని నడుస్తోంది. మచ్చ పచ్చగా ఉంది. గాలి మంచిదేనని అక్కకి చెప్పాను. "అవునా?" అంది. ఆ అనడం నాకు బోధపడలేదు.

మూడు వందల యాభై ఒకటో దినం

మేడమ్ బండ మీద సుద్దతో పెట్టిపోయిన గుర్తులకి దారం పట్టి చూశాను. మచ్చ ఒకపక్క వేలెడు దాటింది. వెంట్రుకలో సగం పెరగాల్సినది వేలెడు పెరిగింది. ఏ ప్రజాతీ అలా పెరగదు. ఇది మనిషి చెయ్యి.

సుంకన్న మీదే నా అనుమానం. గుట్టపెద్దరికం కోసం వాడు బండకే కాదు, సూర్యుడికైనా రంగు పూస్తాడు. రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోవడం అంటే ఏమిటో వాడికి చూపించాలని మచ్చ మీదా చుట్టూ మెత్తటి సున్నప్పొడి చల్లాను. తడి పసుపుతో ముట్టుకున్నవాడి వేళ్ళు ఎర్రగా పండుతాయి. రెండు రోజులు కడిగినా పోదు.

మూడు వందల యాభై రెండో దినం

పొద్దున సుంకన్న ఇంటికి పోయి, చెయ్యి కలిపే నెపంతో రెండు అరచేతులూ తిప్పి చూశాను. మురికి తప్ప ఏమీ లేదు.

అక్క ఇంటికొచ్చి కూర్చున్నాను. అక్క సంగటి ముద్ద కంచంలో పెట్టింది. ఆమె కుడిచేతి నాలుగు వేళ్ళూ కొత్త పెళ్ళికూతురి కాళ్ళంత ఎర్రగా ఉన్నాయి.

అడగబోయి వేళాకోళమే నోట్లోంచి వచ్చింది. "ఎవరి పెండ్లికి పోయొచ్చినావక్కా?"

అక్క తన వేళ్ళు చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. "సున్నం సల్లినావా?"

"సల్లినా."

"నీ దొంగబుద్ధి పోదు గదరా."

"ఎన్నాళ్ళుగా పూస్తాండావు?"

"నువ్వు మానినకాడినుంచి, తెల్లారి నువ్వు కావలి గుడిసెలో గురక పెట్టేటప్పుడు. మొదటిదినమే నీ గోళ్ళు సూసినా. తొట్టిలో కొమ్ము తక్కువాయె, నీ గోళ్ళు పచ్చగుండె. నాకు లెక్క రాదనుకుంటివా? నువ్వు పూసినన్నాళ్ళు గమ్మునుంటి. ఆర్నెల్లకి మానుకుంటివి. సోమరిపోతువి, ఇసుగు పుట్టిందేమో అనుకుంటి. మచ్చ పోతే నిన్ను కంచె బయటికి తోస్తారు గదరా."

"ఎనిమిదో గుట్టకి పొమ్మంటే పోకపోతివి..."

"పోతే ఎవరు పూస్తారు? నువ్వు పూసినన్నాళ్ళు నిన్ను కనిపెట్టుకోవల్ల. నువ్వు మానుకుంటే నేను పూయల్ల."

మేడమ్ చెప్పిన దారి అప్పుడు చెప్పాను. మచ్చ పాలిపోతే చాలు, డబ్బాలు వచ్చేవని. అక్క ఎర్రటి వేళ్ళు కొంగుకి తుడుచుకుంది. తర్వాత నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగడానికి మూడు గ్లాసుల నీళ్ళు పట్టాయి.

"ఆ మాట ముందే సెప్పింటే," అంది, "పసుపు పప్పులోకన్నా ఏసుకుందుము గదరా."

మూడు వందల యాభై తొమ్మిదో దినం

పొద్దున పదింటికి అక్క పోయింది.

స్నానం చేయించే ఆడవాళ్ళు పసుపు అడిగారు. ఒంటికి పూయడానికి ఇంట్లో చిటికెడు లేదు. తొట్టి మట్టి తవ్వి చూశాను. అక్క వేర్లు కూడా ఒలుచుకుపోయింది.

మూడు వందల అరవయ్యో దినం

ఇప్పుడైనా మేడమ్ చెప్పినట్టే చెయ్యొచ్చు. మచ్చని కడిగేస్తే చచ్చిందని రాస్తుంది, నా పేరు రాదు. బక్కెట్టు నీళ్ళు తీసుకుపోయాను. నేను చల్లిన సున్నం గాలికి చచ్చి మచ్చ మళ్ళీ పచ్చబడింది, గీత దాటిన చోట నాలుగు వేళ్ళ జాడ స్పష్టంగా ఉంది. చివర్లో వణికినట్టుంది. నిలబడలేక బండకి చెయ్యి ఆనించినట్టుంది.

కడగలేకపోయాను. నీళ్ళు కింద పారబోసి వచ్చాను.

మూడు వందల అరవై ఐదో దినం

ఇది తడి ఇంకా ఆరని చేత్తో రాస్తున్నాను, అక్షరాలకి ఎరుపు అంటితే ఏమీ అనుకోవద్దు.

గుట్టంతా వచ్చింది. మేడమ్ పారదర్శక కాగితం పరిచి, గీత దాటి వేలెడు బయటికున్న పసుపుని చూసి నావైపు తిరిగింది. "మానెయ్యమన్నాను కదా," అంది పెదవుల్లోనే.

ఆమె ఇంకో మాట అనేలోగా సుంకన్న పదడుగుల గీత దాటొచ్చి తొంగిచూసి, "పెరిగింది రా! వేలెడు పెరిగింది!" అని కేక పెట్టాడు. డప్పులు మోగాయి. ఇంత పెరిగే పొన్నంచు ఏ పుస్తకంలోనూ లేదని, కొత్త జాతి అయ్యుండాలని వాడే తీర్పు చెప్పాడు. కొత్త జాతికి కొత్త పేరు పెట్టాలి.

"మా ఓబులమ్మ పేరు పెట్టండి మేడమ్," అన్నాడు. "దినామూ తెల్లారి ఈ బండకాడ వంగి మొక్కేది. నేను కండ్లారా సూసినా. మహాతల్లి."

మేడమ్ మళ్ళీ నావైపు చూసింది. అయినా కలం తీసింది. "పొన్నంచు ప్రజాతి, ఓబులమ్మ జాతి" అని రాయడం మొదలుపెట్టింది. ఆమెనీ తప్పుపట్టను. మొదటి అబద్ధం తర్వాత రెండోది రాయడానికి సిరా కూడా తక్కువ పడుతుంది. అది నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"అది పసుపు," అన్నాను గట్టిగా. "మా అక్క తొట్టిలో పసుపు. రుద్దింది నేను."

జనం నవ్వారు. విరగబడి నవ్వారు. "గుర్రప్పా, ఈ పొద్దన్నా ఊరకుండు రా," అన్నారు. ఏడాది కిందట నేను ఏ నవ్వు కోసం ఎదురుచూశానో సరిగ్గా అదే నవ్వు. ఒక్క రవ్వ తగ్గలేదు.

వేళ్ళ జాడ కడగలేకపోయినవాణ్ణి, దాన్ని ఆ పుస్తకంలోకి ఎక్కించడం మాత్రం చూడలేకపోయాను. అక్కని చంపిన గాలికి అక్క పేరుతోనే మంచిదని ముద్ర పడుతుంది. రేపు ఇంకో గుట్టలో ఎవరో ఆ పేరు చదివి డబ్బా తిరిగిచ్చేస్తారు. కావలి గుడిసె గోడకి వెల్ల వేయడానికి ఉంచిన సున్నపు తేట బక్కెట్టుతో తెచ్చాను. మచ్చ మీద కుమ్మరించాను.

బండ ఒక్కసారిగా ఎర్రబడింది. ఎరుపు నిలవలేదు. కారింది. బీటల్లోంచి కారి, బండ మొదట్లో మడుగు కట్టి, జనం కాళ్ళ దాకా వచ్చింది. పైన బూడిదపూత బూడిదరంగులో మిగిలింది. లైకెన్ అయితే కారదు. చంటిపిల్లకి దిష్టి తీసిన తల్లి ఎవరైనా ఆ నీళ్ళని గుర్తుపడుతుంది. ఆడవాళ్ళు ముందు గుర్తుపట్టారు. డప్పు ఆగింది.

అప్పుడు వినిపించింది దగ్గు. ఆ మూల ఒకరు, ఈ మూల ఇద్దరు, సుంకన్న పెళ్ళాం, సుంకన్న. ఏడాదిగా డప్పుల కింద దాచుకున్న దగ్గంతా బయటికొచ్చింది.

మేడమ్ తను రాసింది అడ్డంగా కొట్టేసి "బూడిదపూత" అని రాసింది. దాని కింద ఇంకో వాక్యం రాసి నాకు చూపించింది. "ఐదో మెట్టు నేను చూడలేదు." సంతకం పెట్టింది.

మూడు వందల అరవై ఎనిమిదో దినం

గాలిడబ్బాల బండ్లు వచ్చాయి. ఇంటికొకటి దించారు. అక్క ఇంటి ముందు కూడా దించారు, పట్టీలో పేరు ఇంకా తీయలేదట. మూసిన తలుపు ముందు అది రొద చేస్తోంది. బావ గురకలాగే ఉంది.

సుంకన్న నాతో మాట్లాడటం లేదు. వాడి పెళ్ళాం రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. రేపు పొద్దున నన్ను కంచె బయటికి పంపుతారు. మేడమ్ సంగతి రాజధానిలో తేలుస్తారట, అక్కడ అన్నీ నిదానంగా తేలతాయి.

ఈ పుస్తకం చదువుతున్నవాళ్ళకి కావలివాడి ఆఖరి అప్పగింత. ఆ రోజు ఏడో గుట్ట ఉత్తరపు బండ మీద ఒకచోట సున్నం నీళ్ళు పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టాను. అక్కడ ఒక వేలి జాడ మిగిలింది. పసుపుపచ్చ, వేలెడు పొడుగు, బీటలు లేవు, పండ్లు లేవు, అంచు లేదు. ఎండకి పక్షం రోజుల్లో దానంతటదే పోతుంది.

దారిపుస్తకంలో ఒకటో ప్రశ్న, గోటితో గీకితే ఊడి వస్తుందా?

వస్తుంది. గీకలేదు.